గస్తీ పోలీసు నడుముకు తుపాకీ నిత్యం ఉండాలా?

నీలిసిరా (చర్చ ప్రారంభం)

ముందుగా ఒక హద్దు గీసి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఉగ్రవాద నిరోధక దళాల గురించీ, ప్రముఖుల అంగరక్షకుల గురించీ ఇక్కడ ప్రశ్న లేదు. తాగి గొడవ చేసేవాణ్ని మందలిస్తూ, తప్పిపోయిన పిల్లవాణ్ని ఇంటికి చేరుస్తూ, వాహనాలు ఆపి కాగితాలు చూస్తూ వీధుల్లో తిరిగే మామూలు గస్తీ పోలీసు నడుముకు, డ్యూటీలో ఉన్నంతసేపూ తూటాలు నింపిన పిస్తోలు ఉండాలా అన్నదే ప్రశ్న.

చాలా దేశాలు ఉండాలనే నిర్ణయించుకున్నాయి, లేదా ఎవరూ ప్రత్యేకంగా నిర్ణయించకుండానే అలా జరిగిపోయింది. కొన్ని దేశాలు మాత్రం వేరే దారి పట్టాయి. 1829లో రాబర్ట్ పీల్ లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసును ఏర్పాటు చేసినప్పుడు, జనం దాన్ని సైన్యానికి మరో రూపంగా చూస్తారన్న భయంతో సైనికుల ఎర్ర కోటుకు బదులు నీలం కోటు తొడిగించి, చేతికి ఒక చెక్క కర్ర మాత్రమే ఇచ్చి పంపారు. ఐర్లండ్ అయితే అంతర్యుద్ధం సాగుతున్న 1922లోనే తన పోలీసును నిరాయుధంగా నిలబెట్టింది; ఆయుధ బలంతోనో సంఖ్యాబలంతోనో కాక ప్రజాసేవకులుగా తమకుండే నైతిక అధికారంతోనే ఆ దళం నెగ్గుకొస్తుందని దాని తొలి కమిషనర్ మైకేల్ స్టెయిన్స్ అన్నారు. న్యూజీలండ్, ఐస్‌లండ్ ఇదే బాటలో ఉన్నాయి, నార్వే కూడా చాలాకాలం ఉంది. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో గస్తీ పోలీసుకు తుపాకీ ఉండదు, ఉత్తర ఐర్లండ్‌లో ఉంటుంది. ఒకే రాజ్యంలో రెండు పద్ధతులూ నడుస్తున్నాయన్నమాట.

గస్తీ పోలీసు నిరాయుధుడిగా ఉండాలనీ, అవసరమైన చోటికి శిక్షణ పొందిన సాయుధ బృందం నిమిషాల్లో చేరాలనీ నా అభిప్రాయం. విభేదించేవారు కారణాలతో రాయండి.

విశ్రాంత పోలీసు

నీలిసిరా గారూ, “నిమిషాల్లో చేరాలి” అన్నారు. ఆ నిమిషాల్లో అక్కడ నిలబడి ఉండేది ఎవరో ఒకసారి ఆలోచించండి.

కంట్రోల్ రూమ్ “కుటుంబ గొడవ” అని చెప్పి పంపిన ఇంటికి వెళ్లినప్పుడు మేము తలుపుకు ఎదురుగా నిలబడేవాళ్లం కాదు, గోడ వారగా పక్కకు జరిగి చెయ్యి మాత్రం చాచి తట్టేవాళ్లం. లోపలివాడి చేతిలో ఏముందో వైర్‌లెస్‌లో చెప్పేవాడికి తెలియదు, తట్టేవాడికీ తెలియదు. ప్రమాదాన్ని ముందుగా అంచనా వేసి ప్రమాదకరమైన పిలుపులకే ఆయుధం పంపుతామనడం కాగితం మీద బాగానే ఉంటుంది. మామూలు పిలుపుగా మొదలైనదే ప్రాణం మీదికి వస్తుంది.

2010 జూన్‌లో ఇంగ్లండ్‌లోని కుంబ్రియాలో ఒక టాక్సీ డ్రైవర్ 12 మందిని కాల్చి చంపాడు. అతని వెంట మొదట్లోనే పడిన నిరాయుధ పోలీసులు, అతను షాట్‌గన్ తమవైపు గురిపెట్టేసరికి ఆగిపోవలసి వచ్చింది. అతను ముందుకు సాగిపోయి మరికొందరిని చంపాడు. 2017 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు ద్వారం దగ్గర నిరాయుధ కానిస్టేబుల్‌ను కత్తితో పొడిచి చంపినవాణ్ని ఆపింది, ఆ క్షణానికి అక్కడ ఉన్న ఒక మంత్రి అంగరక్షకుడి పిస్తోలు. ఆ మంత్రి ఆ రోజు వేరే చోట ఉండి ఉంటే ఏమయ్యేది? న్యూజీలండ్‌లో సాయుధ స్పందన బృందాల ప్రయోగాన్ని కొనసాగించబోమని 2020 జూన్‌లో ప్రకటించిన తర్వాత, అదే నెలలో ఆక్లాండ్‌లో వాహన తనిఖీకి వెళ్లిన కానిస్టేబుల్ ఒకరు కాల్పుల్లో చనిపోయారు. నిరాయుధ పోలీసింగ్ గొప్పతనాన్ని చెప్పేవారు ఈ ఖర్చును ఎవరి ఖాతాలో రాస్తారో కూడా చెప్పాలి.

తర్కవాది

విశ్రాంత పోలీసు గారు చెప్పిన ఘటనలన్నీ నిజమే, వాటి బరువును తక్కువ చేయను. కానీ లెక్కలో ఒక వైపే ఉంది.

నడుముకు పిస్తోలు ఉన్న పోలీసు ఏ గొడవలోకి అడుగుపెట్టినా, ఆ గొడవలో కనీసం ఒక తుపాకీ ఉన్నట్టే, అది ఆయన తెచ్చిందే. అప్పటిదాకా తోపులాటతో పోయేది ఇక తోపులాటగా మిగలదు, ఎందుకంటే కింద పడిన పోలీసు తన ప్రాణంతోపాటు తన ఒరను కూడా కాపాడుకోవాలి. సాయుధ పోలీసులకు నేర్పే నిలబడే తీరు గమనించండి: తుపాకీ ఉన్న వైపు తుంటిని ఎదుటి మనిషికి దూరంగా వెనక్కి తిప్పి, మోచేతిని ఒరకు ఆనించి, రెండు చేతులూ ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుని మాట్లాడాలి. తప్పిపోయిన పిల్లవాడి తల్లితో మాట్లాడేటప్పుడూ అదే తీరు.

ఆయుధం కనిపించడమే ప్రవర్తనను మారుస్తుందనడానికి ఆధారం ఉంది. 2016-17లో సిటీ ఆఫ్ లండన్ పోలీసు విభాగంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఏ షిఫ్టు సిబ్బంది టేజర్‌తో (విద్యుత్ షాక్‌తో మనిషిని నిలువరించే పరికరంతో) వెళ్లాలి, ఏ షిఫ్టు లేకుండా వెళ్లాలి అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించి ఏడాదిపాటు పోల్చి చూశారు. టేజర్ ఉన్న షిఫ్టుల్లో బలప్రయోగం 48 శాతం ఎక్కువగా నమోదైంది, పోలీసుల మీద దాడులు రెట్టింపయ్యాయి. టేజర్‌ను వాడిన సందర్భాలు మాత్రం ఏడాది మొత్తానికి పదికి లోపే. వాడకపోయినా, అది నడుముకు ఉన్నందుకే ఇరుపక్షాల తీరూ మారిందని పరిశోధకులు తేల్చారు.

రెండోవైపు

టేజర్ ప్రయోగం ఆసక్తికరమైనదే, కానీ అది నగర కేంద్రంలోని ఒక చిన్న పోలీసు విభాగంలో జరిగింది, పైగా టేజర్ తుపాకీ కాదు. టేజర్ ప్రాణం తీయదన్న ధైర్యంతో పోలీసు త్వరగా ముందుకు వెళ్తాడు, ఎదుటివాడూ ఎదురు తిరుగుతాడు. తుపాకీ విషయంలో ఇద్దరూ మరింత వెనకాడే అవకాశం లేదా? ఒక ప్రయోగ ఫలితాన్ని మరో ఆయుధానికి అంటగట్టే ముందు ఈ ప్రశ్నకు జవాబు కావాలి.

ఇంకొక మాట. “ఒరను కాపాడుకోవాలి” అన్న సమస్యకు పరిష్కారాలు వచ్చాయి. ఇప్పటి ఒరల నుంచి పిస్తోలును బయటివాడు లాగడం సులభం కాదు. బొటనవేలితో ఒక మీట నొక్కి, మరొకటి తిప్పి, సరైన కోణంలో పైకి లాగితేనే వస్తుంది.

ఫైరింగ్ రేంజ్

ఇక్కడ ఎక్కువమంది తుపాకీ ఉంటే పని జరిగిపోతుందన్నట్టు మాట్లాడుతున్నారు, వ్యతిరేకించేవారు కూడా. నేను ఆయుధ శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి కొంత వివరంగా రాస్తాను.

న్యూయార్క్ పోలీసుల ఆయుధ శిక్షణను ర్యాండ్ అనే పరిశోధన సంస్థ పరిశీలించి 2008లో నివేదిక ఇచ్చింది. ఎదుటివాడు కూడా కాలుస్తున్నప్పుడు పోలీసు పేల్చిన తూటాల్లో లక్ష్యానికి తగిలినవి సగటున 18 శాతం. ఎదురు కాల్పులు లేనప్పుడు కూడా 30 శాతమే. వారు చేతకానివారు కారు, ప్రపంచంలోని పెద్ద పోలీసు విభాగాల్లో ఒకదానికి చెందిన శిక్షితులు. మిగిలిన తూటాలు ఎక్కడికి వెళ్తాయన్నదే అసలు ప్రశ్న. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ భవనం ముందు, అప్పుడే ఒకరిని చంపి వస్తున్న హంతకుడు తమవైపు తుపాకీ ఎత్తగా ఇద్దరు పోలీసులు 16 తూటాలు పేల్చారు. హంతకుడు చనిపోయాడు. దారిన పోయేవారు తొమ్మిది మంది గాయపడ్డారు, అందరూ పోలీసు తూటాలకో, వాటి ముక్కలకో గాయపడినవారే. అక్కడ కాల్చడం తప్పని ఎవరూ అనలేరు, అయినా ఫలితం అది.

శిక్షణలో కాగితపు బొమ్మ తిరిగి కాల్చదు. ఏడాదికి ఒకటి రెండు సార్లు వరుసలో నిలబడి, వెలుతురులో, కదలని బొమ్మను కొట్టి ఉత్తీర్ణుడైన మనిషి, చీకటి మెట్ల మీద గుండె దడదడలాడుతుండగా అదే పని చేయగలడని అనుకోవడం అమాయకత్వం. కాల్చడం కంటే కాల్చకుండా ఉండటం నేర్పడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఎదుటివాడు జేబులోంచి తీస్తున్నది ఫోనా, కత్తా అని అర సెకనులో తేల్చుకునే అభ్యాసం ఖరీదైనది, మాటిమాటికీ చేయవలసినది, బడ్జెట్ తగ్గినప్పుడు ముందుగా కోతకు గురయ్యేదీ అదే.

దూరం విషయం కూడా చెప్పాలి. 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ టూలర్ గమనించినదేమంటే, కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. ఒరలోంచి పిస్తోలు తీసి కాల్చడానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుంది. అంటే నడుముకు ఉన్న తుపాకీ కూడా దగ్గరి దాడిలో ఖాయమైన రక్షణ కాదు. కారులో తాళం వేసిన పెట్టెలో ఉన్న తుపాకీ ఆ క్షణంలో అసలే రక్షణ కాదు. ఈ రెండో వాక్యాన్ని నిరాయుధ వాదులు గుర్తుంచుకోవాలి.

చివరిగా ఎవరూ ఎత్తని విషయం, పొరపాటు పేలుళ్లు. డ్యూటీ దిగేటప్పుడు పిస్తోలు ఖాళీ చేసే క్రమం ఒక్కటే: ముందు మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీయాలి, తర్వాత స్లైడ్ (పిస్తోలు పైన జరిగే భాగం) లాగాలి, ఆపై లోపల తూటా కూర్చునే గదిలోకి కంటితో చూసి వేలితో తడిమి, ఇసుక పెట్టెలోకి గురిపెట్టాలి. అలసిపోయిన మనిషి మొదటి రెండింటినీ తారుమారు చేస్తాడు. స్లైడ్ లాగితే ఉన్న తూటా బయటికి వస్తుంది, స్లైడ్ మూసుకోగానే మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది, ఆ తర్వాత మ్యాగజైన్ తీసి ఖాళీ అయిందనుకుని ట్రిగ్గర్ నొక్కుతాడు. వేల మందికి రోజూ ఆయుధం ఇచ్చి, రోజూ వెనక్కి తీసుకుంటే ఈ తారుమారు జరిగే సందర్భాలు కూడా వేలల్లోనే ఉంటాయి. 2014 నవంబరు నుంచి ఏడాదికి పైగా నార్వే తన పోలీసులకు తాత్కాలికంగా ఆయుధాలు ధరింపజేసినప్పుడు అక్కడ పొరపాటు పేలుళ్లు పెద్ద చర్చనీయాంశమయ్యాయి.

విశ్రాంత పోలీసు

ఫైరింగ్ రేంజ్ గారు చెప్పినది మంచి శిక్షణ కావాలనడానికి వాదన అవుతుంది, తుపాకీ వద్దనడానికి కాదు. నార్వే మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను: 2011 జూలై 22న ఉటోయా దీవిలో 69 మందిని ఒక్కడే చంపుతూ పోయాడు. పోలీసుల ఆయుధాలు కార్లలో తాళాల వెనుక ఉండే దేశంలోనే అది జరిగింది.

నీలిసిరా

ఉటోయాలో పోలీసులకు లోపించింది తుపాకీ కాదు, పడవ.

కాల్పులు మొదలైన అరగంటకే సాయుధులైన ఇద్దరు స్థానిక పోలీసులు ఎదురు ఒడ్డుకు చేరారు, కానీ దీవికి దాటలేదు. ఓస్లో నుంచి వచ్చిన ప్రత్యేక దళం ఎక్కిన రబ్బరు పడవ మనుషులు, సామగ్రి బరువుకు నీళ్లలో కుంగి ఇంజను ఆగిపోయింది. అటుగా వచ్చిన పౌరుల పడవల్లోకి మారి దీవి చేరారు. మొదటి కాల్పులకూ హంతకుడు పట్టుబడటానికీ మధ్య గంటకు పైగా గడిచింది. మరుసటి ఏడాది విచారణ సంఘం వేలెత్తి చూపింది సమన్వయ లోపాన్ని, సమాచారం చేరవేయడంలో ఆలస్యాన్ని, హెలికాప్టర్ అందుబాటులో లేకపోవడాన్ని.

తుపాకులున్నా ఏమవుతుందో చూడాలంటే టెక్సస్‌లోని ఉవాల్డీ ఉంది. 2022 మే 24న ఒక ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలనూ ఇద్దరు ఉపాధ్యాయినులనూ ఒకడు చంపాడు. వివిధ విభాగాల నుంచి వచ్చిన అధికారులు 376 మంది, అందరూ సాయుధులే, వారిలో కొందరు తొలి నిమిషాల్లోనే లోపలికి చేరుకున్నారు. అయినా తరగతి గదిలోకి వెళ్లి హంతకుణ్ని ఎదుర్కోవడానికి 77 నిమిషాలు పట్టింది. ఆయుధం నడుముకు ఉండటం వేరు, దాన్ని వాడవలసిన క్షణంలో నాయకత్వం, నిర్ణయం ఉండటం వేరు. మొదటిదానికి డబ్బు కేటాయించి రెండోదాన్ని వదిలేస్తే వచ్చే ఫలితం ఉవాల్డీ.

రెండోవైపు

ఉవాల్డీలో చివరికి గదిలోకి వెళ్లి హంతకుణ్ని ఆపింది కూడా సాయుధులే. ఆలస్యానికి కారణం వారి తుపాకులు కావు. ఆ ఉదాహరణతో తుపాకీ చాలదని చెప్పవచ్చు గానీ అక్కర్లేదని చెప్పలేరు.

లా విద్యార్థిని

తుపాకీ ఉండాలా వద్దా అన్నదానికన్నా ముందు, ఎవరు ఎప్పుడు ధరించవచ్చో చట్టం చెప్పాలా వద్దా అన్న ప్రశ్న ఉంది. దీని మీద అంతర్జాతీయంగా ఒక ఆధారం ఉంది. 1990లో హవానాలో జరిగిన ఐక్యరాజ్యసమితి సమావేశం చట్టాన్ని అమలు చేసే అధికారుల బలప్రయోగం, ఆయుధాల వాడకంపై ప్రాథమిక సూత్రాలను ఆమోదించింది. డాళ్లు, హెల్మెట్లు, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ల వంటి స్వీయరక్షణ సామగ్రి ఇచ్చి ఆయుధాల అవసరాన్నే తగ్గించాలని రెండో సూత్రం చెబుతుంది. తన లేదా ఇతరుల ప్రాణానికి తక్షణ ముప్పు వంటి పరిస్థితుల్లో, వేరే మార్గం చాలనప్పుడే ఆయుధం వాడాలని తొమ్మిదో సూత్రం చెబుతుంది. ఈ చర్చకు అన్నిటికంటే దగ్గరిది పదకొండో సూత్రం: ఏ పరిస్థితుల్లో ఆయుధం ధరించడానికి అధికారికి అనుమతి ఉందో నియమాలు స్పష్టంగా పేర్కొనాలి, ఆయుధాల నిల్వ, పంపిణీ నియంత్రణలో ఉండాలి, వాడినప్పుడు నివేదిక ఇచ్చే వ్యవస్థ ఉండాలి. కాల్చడానికే కాదు, ధరించడానికి కూడా ఒక కారణం ఉండాలన్నది ఇందులోని అంతరార్థం. “నిత్యం అందరికీ” అన్న విధానం ఆ కారణం చూపే బాధ్యతను ఒక్క ఉత్తర్వుతో తుడిచేస్తుంది.

చట్టంలో రాసిన మాటకు ఎంత శక్తి ఉంటుందో రెండు ఉదాహరణలు చెబుతాను. అమెరికాలో చాలాకాలం పారిపోతున్న నేరస్థుణ్ని కాల్చడం అనేక రాష్ట్రాల్లో చట్టసమ్మతమే. 1974లో మెంఫిస్‌లో ఒక ఇంట్లో దొంగతనం చేసి కంచె ఎక్కుతున్న 15 ఏళ్ల నిరాయుధ బాలుణ్ని పోలీసు వెనుక నుంచి కాల్చి చంపాడు. అతని దగ్గర దొరికింది ఒక పర్సు, పది డాలర్లు. ఆ కేసులోనే 1985లో అమెరికా సుప్రీంకోర్టు, పారిపోతున్నవాడు ప్రమాదకారి అని నమ్మడానికి కారణం లేనప్పుడు కాల్చడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. ఫ్రాన్స్‌లో దీనికి వ్యతిరేక దిశలో జరిగింది. ఆపమన్నా ఆగని వాహనాల మీద కాల్పులకు సంబంధించిన నిబంధనను 2017లో సడలించారు. 2023 జూన్‌లో నాంటెర్‌లో వాహన తనిఖీ దగ్గర 17 ఏళ్ల కుర్రవాణ్ని పోలీసు కాల్చి చంపడంతో దేశమంతా అల్లర్లు చెలరేగినప్పుడు, ఆ సడలింపే విమర్శకుల ప్రధాన లక్ష్యమైంది. రెండు చోట్లా మొదటినుంచీ పోలీసులు సాయుధులే. మారింది రాతలోని గీత.

లెక్కల మాస్టారు

“పౌరుల దగ్గర తుపాకులుంటే పోలీసుకూ ఉండాలి” అనే వాదన ఇంకా రాలేదు, ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే రాస్తున్నాను. స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ 2017 నాటి అంచనా ప్రకారం అమెరికాలో ప్రతి వంద మందికి పౌరుల చేతుల్లో 120 తుపాకులున్నాయి. అక్కడ గస్తీ పోలీసును నిరాయుధుణ్ని చేయమని నేను అడగను. అయితే అదే అంచనాలో న్యూజీలండ్‌లో వంద మందికి 26, నార్వేలో 29, ఐస్‌లండ్‌లో దాదాపు 32 ఉన్నాయి. ఎక్కువభాగం వేట తుపాకులే, అయినా తుపాకులే. ఆ దేశాలు దశాబ్దాలపాటు నిరాయుధ గస్తీని నడిపాయి. ఐస్‌లండ్ 1944లో గణతంత్రమైన తర్వాత పోలీసు కాల్పుల్లో ఒక మనిషి చనిపోవడం మొదటిసారి జరిగింది 2013 డిసెంబరులో. ఆ రోజు పోలీసు శాఖ బహిరంగంగా విచారం వ్యక్తం చేసింది. కాబట్టి పౌర ఆయుధాల సంఖ్య ఒక్కటే అంతా తేల్చదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1,40,000 పైచిలుకు అధికారులుంటే ఆయుధ అనుమతి ఉన్నవారు సుమారు ఆరు వేల మంది మాత్రమే. వారు ఏడాదికి పదిహేడు, పద్దెనిమిది వేల సాయుధ ఆపరేషన్లకు వెళ్తారు; మనిషి మీద కాల్పులు జరిగే సందర్భాలు చాలా ఏళ్లలో పదికి మించవు. అమెరికాలో 2015 నుంచి 2024 దాకా వాషింగ్టన్ పోస్ట్ పత్రిక నమోదు చేస్తూ వచ్చిన లెక్క ప్రకారం పోలీసు కాల్పుల్లో ఏటా సుమారు వెయ్యి మంది చనిపోయారు. జనాభా తేడా ఆరు రెట్ల లోపే. ఈ అంతరం మొత్తానికి గస్తీ తుపాకీయే కారణమని చెబితే అది లెక్క కాదు, నినాదం. అందులో దాని వాటా ఏమీ లేదన్నా అంతే.

విశ్రాంత పోలీసు

లెక్కలు చూశాను, లా విద్యార్థిని గారి సూత్రాలూ చదివాను. తుపాకీ లేకుండా ధైర్యం చూపినవారి గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు. 2008 నవంబరులో ముంబైలో అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే చేతిలో ఉన్నది లాఠీ. ఎదురుగా కసబ్ చేతిలో ఏకే రైఫిల్. ఆయన ఆ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని తూటాలన్నీ తన ఒంట్లోకి తీసుకున్నారు, తోటివారు కసబ్‌ను ప్రాణాలతో పట్టుకున్నారు. మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు. ఒక వ్యవస్థ తన మనుషుల నుంచి ఇంతటి త్యాగాన్ని ఆశించి విధానం రాసుకోకూడదన్నదే నా వాదన.

తర్కవాది

ఓంబ్లే గారి త్యాగం ముందు ఎవరైనా తల వంచవలసిందే. అయినా ఏకే రైఫిల్ ముందు గస్తీ పోలీసు పిస్తోలు కూడా సరిపడేది కాదని ఫైరింగ్ రేంజ్ గారే చెబుతారు.

గస్తీ తిరిగే పోలీసులు ఏమంటున్నారో కూడా చూద్దాం. ఇంగ్లండ్, వేల్స్ పోలీసు ఫెడరేషన్ (పోలీసు సిబ్బంది సంఘం) 2006లో తన సభ్యులను అడిగినప్పుడు 82 శాతం మంది అందరికీ ఆయుధం ఇవ్వడాన్ని వ్యతిరేకించారు. 2017 సర్వేలో సమర్థించేవారు 34 శాతానికి పెరిగారు, అప్పటికీ మూడింట రెండు వంతులు ఆ పక్షాన లేరు. వారికి ప్రాణభయం లేక కాదు. అక్కడ ఆయుధ విధులు స్వచ్ఛందం. ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే ఏళ్ల తరబడి విచారణ ఉంటుందని వారికి తెలుసు. 2022లో లండన్‌లో ఒక యువకుణ్ని కాల్చి చంపిన అధికారిపై మరుసటి ఏడాది హత్యానేరం మోపినప్పుడు పలువురు సాయుధ అధికారులు ఆయుధ విధుల నుంచి తప్పుకున్నారు. 2024లో ఆయన నిర్దోషిగా విడుదలయ్యారు. ఆ బాధ్యత మోయడానికి సిద్ధపడి ముందుకు వచ్చినవారికే ఇన్ని చిక్కులుంటే, ఇష్టం లేని లక్ష మందికి అదే ఆయుధం తప్పనిసరి చేస్తే ఏమవుతుంది?

ఇంకో ప్రమాదం, ఆయుధం ఒకసారి వచ్చిందంటే పని దాని వెనుకే పాకుతుంది. 2014లో స్కాట్లండ్‌లో ప్రత్యేక సాయుధ సిబ్బంది పిస్తోళ్లతోనే మామూలు పనులకూ హాజరవుతున్నారని, హైలాండ్స్ ప్రాంతంలో మొదలైన నిరసన దేశమంతా పాకింది. చివరికి అదే ఏడాది, ప్రాణాపాయం ఉన్న పిలుపులకే వారిని పంపాలని విధానం మార్చుకున్నారు. క్రైస్ట్‌చర్చ్‌లో 51 మందిని బలిగొన్న 2019 మార్చి దాడి తర్వాత న్యూజీలండ్ మొదలుపెట్టిన సాయుధ స్పందన బృందాల కథా అదే. ఘోరమైన నేరాల కోసమని ఏర్పాటు చేసిన బృందాలు వాహన తనిఖీల వంటి రోజువారీ పనులకు వెళ్లాయి, మావోరీ మూలవాసుల నుంచి, పసిఫిక్ దీవుల సముదాయాల వారి నుంచి తీవ్ర వ్యతిరేకత వచ్చింది.

రెండోవైపు

నిమిషాల సంగతి తేల్చకుండా వదలకండి. 2017 జూన్‌లో లండన్ బ్రిడ్జి దాడి జరిగినప్పుడు మొదటి ఫోన్ వచ్చిన ఎనిమిది నిమిషాల్లో సాయుధ పోలీసులు దాడిచేసిన ముగ్గురినీ కాల్చి ఆపారు. నిరాయుధ పద్ధతికి దీన్నే గొప్ప ఉదాహరణగా చూపుతారు. అది రాజధాని నడిబొడ్డు, సాయుధ వాహనాలు ఎప్పుడూ తిరుగుతూ ఉండే చోటు. కుంబ్రియా కొండల్లో ఆ ఎనిమిది నిమిషాలు ఎవరిస్తారు? అయినా ఆ ఎనిమిది నిమిషాల్లోనూ ఎనిమిది మంది ప్రాణాలు పోయే గాయాలు తిన్నారు, తొలుత ఎదురు నిలిచిన రైల్వే పోలీసు చేతిలో లాఠీ మాత్రమే ఉంది, తీవ్రంగా గాయపడ్డాడు.

ఫైరింగ్ రేంజ్

అందుకే నేను న్యూజీలండ్ తరహా పెట్టె పద్ధతి వైపు మొగ్గుతాను, ముఖ్యంగా దూర ప్రాంతాలకు. అక్కడ గస్తీ వాహనాల్లో పిస్తోలు, రైఫిల్ తాళం వేసిన పెట్టెల్లో ఉంటాయి. అధికారి ముప్పును అంచనా వేసుకుని, ఆయుధం తీసుకుంటున్నట్టు వైర్‌లెస్‌లో చెప్పి, తీసుకుంటాడు. ఆ తాళం తీసే కొద్ది క్షణాల్లో ఒక ఆలోచన దూరుతుంది, ఆ మాట అందరికీ వినపడుతుంది, సమయం నమోదవుతుంది. అకస్మాత్తుగా మీద పడే కత్తి నుంచి ఈ పద్ధతి కాపాడదు, ఆ లోటుకు శరీర కవచం, ఇద్దరు కలిసి వెళ్లడం, దూరం పాటించడం తప్ప దారి లేదు. నడుముకు కట్టినా ఆ ఒకటిన్నర సెకను సమస్య తీరదని ముందే రాశాను.

పెట్టె పద్ధతి పని చేయాలంటే వాహనంలో తిరిగే గస్తీ సిబ్బంది అందరికీ పూర్తి ఆయుధ శిక్షణ ఇవ్వక తప్పదు. నిరాయుధ పోలీసింగ్ చవక అనుకునేవారు ఇక్కడే పప్పులో కాలేస్తారు.

లా విద్యార్థిని

పెట్టె అయినా, నడుమైనా, నా దృష్టిలో ఒక నిబంధన మీద అన్ని పక్షాలూ కలవవచ్చు: తూటా పేలినప్పుడు మాత్రమే కాక, ఆయుధం బయటికి తీసిన ప్రతిసారీ, ఎవరివైపైనా గురిపెట్టిన ప్రతిసారీ దాన్ని బలప్రయోగంగా నమోదు చేయాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2017 నుంచి ఇలాగే నమోదు చేస్తున్నారు, న్యూజీలండ్‌లో కూడా తుపాకీ చూపించడం నివేదిక ఇవ్వవలసిన చర్యే. కాల్పుల లెక్క మాత్రమే ఉంచితే, వెయ్యిసార్లు గురిపెట్టి ఒక్కసారి కాల్చిన విభాగమూ, పదిసార్లు గురిపెట్టి ఒక్కసారి కాల్చినదీ ఒకేలా కనిపిస్తాయి. తుపాకీ బెదిరింపు ఎవరి మీద, ఏ పేటల్లో, ఎలాంటి పిలుపుల్లో ఎక్కువగా పడుతోందో తెలిసేది ఆ రాతల్లోంచే.

విశ్రాంత పోలీసు

రాత విషయంలో నాకు అభ్యంతరం లేదు, రాయడానికి భయపడే అధికారికి ఆయుధం ఇవ్వకూడదు. కానీ ఆ కాగితాన్ని ఎవరు చదువుతారో కూడా నిబంధనలో ఉండాలి. పై అధికారి సంతకం పెట్టి బీరువాలో పెట్టేస్తే అది లెక్క కాదు. పోలీసు శాఖ బయటి వ్యవస్థ చూడాలి, ఏటా ప్రకటించాలి. అలాగే, వెనుక సాయం రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో అదే కాగితంలో రాయించండి. కొన్నేళ్ల తర్వాత ఏ ప్రాంతంలో ఆ నిమిషాలు పెరుగుతూ పోతున్నాయో చూసి, అక్కడ పెట్టె తాళం గురించి మళ్లీ మాట్లాడదాం.